పెళ్లికూతురూ, దున్నపోతూ

ఆత్మకూరు,
12 జూన్ 2024.

మోహనా,

అక్క ఎస్తేరమ్మ దీవించి రాస్తున్నది. నీ కొత్త చెవి మిషను కూడా ఫోన్ దగ్గర పెట్టగానే ఈల వేస్తోందని అనురాధ చెప్పింది. మెసేజి పెడదామంటే, అది మీ ఇంట్లో అందరూ చదివాకగానీ నీకు చేరదన్నావట. సరే, ఉత్తరమే రాస్తాను. ముప్ఫై ఆరేళ్లు పిల్లలకు లేఖా రచన నేర్పిన చెయ్యి, ఊరికే ఉంటే తిమ్మిరెక్కుతుంది.

సంగతేమంటే, పెళ్లికూతురు మూగబోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, నాయన పాటల క్యాసెట్ పెట్టుకుని మంచం మీద నడుం వాల్చాను. మొదటి పాట సగంలో టప్‌మంది. ఆ నీలం లైటు వెలుగుతూనే ఉంది, అద్దంలో పాటకు ఊగే రెండు ముళ్లూ మాత్రం లేవడం లేదు. ఎప్పుడు పాడైనా నువ్వే వచ్చి మూత తీసి బాగుచేసి పోయేవాడివి. ఇప్పుడు ఆ చెవులతో నిన్ను రమ్మనలేను. బస్టాండు దగ్గర మల్లికార్జున అని ఒక మెకానిక్ ఉన్నాడు, పాత సెట్లంటే పిచ్చి అంటారు. వాడికి చూపిద్దామనుకుంటున్నాను.

పోయిన నెల స్త్రీల సమాజంలో మళ్లీ నీ సాక్ష్యమే చెప్పాను. కొత్తగా వచ్చిన పాస్టరమ్మగారు వినలేదని మొదటి నుంచీ చెప్పాను. మా నాయన యేసురత్నం కువైట్‌లో డ్రైవరుగా చేసి, రెండు విడతల్లో రెండు స్టీరియో రిసీవర్లు తెచ్చాడనీ, ఒకటి వెండి ముఖంతో, లైట్లతో ఉంటే దానికి పెళ్లికూతురని పేరు పెట్టాడనీ, రెండోది బూడిద రంగు ప్లాస్టిక్కుతో, బూట్ల డబ్బాలాగా ఉంటే దున్నపోతని పేరు పెట్టాడనీ చెప్పాను. నాయన పోయాక సామాన్లు పంచుకునేటప్పుడు నువ్వన్న మాట యథాతథంగా చెప్పాను. "అక్కా, నువ్వు టీచరువి, మీ ఇంటికి నలుగురు వస్తారు. పెళ్లికూతుర్ని నువ్వు తీసకపో. నాకీ దున్నపోతు చాల్లే." మంచిది వదులుకుని వికారమైనది తీసుకున్న తమ్ముడు ఎంతమందికి ఉంటాడని అడిగాను. పాస్టరమ్మగారు కళ్లు తుడుచుకున్నారు.

ఆ క్యాసెట్ వింటున్నప్పుడల్లా నాకొకటే వెలితి. అది రికార్డు చేసిన చర్చి కోత పండుగకు నేను కలువాయి స్కూల్లో లీవు దొరక్క రాలేకపోయాను. నాయన పక్కన అమ్మ కూడా పాడిందంటారు. మైకుకు దూరంగా నిలబడింది కాబట్టి గొంతు పడలేదని నువ్వన్నావు. ఆ తర్వాత రెండేళ్లకే అమ్మ పోయింది. ఫోటోలో ఉందిగానీ గొంతు ఎక్కడా లేదు. ఏం చేస్తాం.

మందులు వేళకు వేసుకో. అనురాధను అడిగానని చెప్పు.

నీ అక్క,
ఎస్తేరమ్మ


ఉదయగిరి,
17 జూన్ 2024.

అక్కకు,

మోహన్ నమస్కారాలు. ఉత్తరం అందింది. నీ చేతిరాత ఇప్పటికీ బోర్డు మీద అక్షరాల్లాగే ఉంది, ఒక్క కొట్టివేత లేదు.

సెట్టు సంగతి. దాన్ని ఎవరికీ ఇవ్వొద్దు. మూత తీయనివ్వొద్దు. ఈ కాలం మెకానిక్కులు సెల్‌ఫోన్ విప్పినట్టు విప్పుతారు, లోపల ఒక తీగ తెగితే దొరికే సామాను కాదు అది. జూలై ఎనిమిదిన నాకు నెల్లూరులో చెవుల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు ఉంది. అది అయ్యాక నేనే వచ్చి చూస్తాను. చెవులు పోయినా మీటరు ముల్లు కనిపిస్తుంది కదా. అంతవరకు దానిమీద గుడ్డ కప్పి ఉంచు. వినాలనిపిస్తే ఫోన్లో పాటలు బోలెడు వస్తాయట.

ఇక్కడ కొండమీద రోజూ మబ్బు పడుతుంది, కిందికి చినుకు రాదు. నా షాపు గది తీసుకున్నవాడు ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. నేను మాత్రం మధ్యాహ్నాలు పక్కింటి నారాయణయ్య దగ్గర కూర్చుని, ఆయన చెక్కిన కర్ర గరిటెలకు గరుకు కాగితం పడుతున్నాను. చెవులతో పనిలేని పని. ఆయన ఏదో చెబుతూనే ఉంటాడు, నేను తల ఊపుతూనే ఉంటాను. ఇద్దరికీ బాగానే ఉంది.

చర్చిలో నా గురించి చెప్పడం మానెయ్ అక్కా. ఎన్నోసార్లు చెప్పాను. నాకు సిగ్గుగా ఉంటుంది.

మూత తీయనివ్వొద్దు. మళ్లీ చెబుతున్నాను.

మోహన్


ఆత్మకూరు,
24 జూన్ 2024.

మోహనా,

నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైంది. మల్లికార్జున ఇంటికొచ్చి సెట్టు తీసుకుపోయాడు. కంగారు పడకు, నలభై అయిదేళ్ల మనిషి, చేతులు నీ చేతుల్లాగే నెమ్మది. నేను వెంటే వెళ్లి షాపులో స్టూలు వేయించుకుని కూర్చున్నాను.

మూత తీశాడు. కాసేపు చూసి నవ్వాడు. "టీచరమ్మా, ఇదంతా మొహమే. లోపల పెద్దగా ఏం లేదు" అన్నాడు. అదేంది నాయనా అంటే చూపించాడు. "ఇదిగో ట్రాన్స్‌ఫార్మరు, దోసిట్లో పట్టేంత ఉండాది. సెట్టుకి కడుపు ఇదే. కడుపు చిన్నదైతే గొంతు యాడ నుంచి వస్తాది? కంపెనీవాడు డబ్బంతా అద్దానికీ లైటుకీ పెట్టినాడు. గుయ్‌మని హమ్ము కూడా ఉండాది. సన్నగా పాడేవాళ్లు దాంట్లో మునిగిపోతారు."

నాకు కోపమొచ్చింది. మా నాయన కువైట్‌లో ఏరి తెచ్చిందయ్యా అన్నాను. కువైట్ అనగానే వాడు, "ఆ రోజుల్లో అక్కడి నుంచి ఇంకోటి వచ్చేది. బూడిద రంగు, చూడ్డానికి అసయ్యంగా ఉండేది, ఎవురూ కొనేవాళ్లు కాదు. మూత తీస్తే మాత్రం ట్రాన్స్‌ఫార్మరు ఇటికరాయంత. దాని గొంతు విన్నోడు ఇంక దాన్ని ఇడిసిపెట్టడు" అన్నాడు. అది మా తమ్ముడి దగ్గర ఉందని చెప్పాను. మీ తమ్ముడేం చేస్తాడు అన్నాడు. రేడియో మెకానిక్ అన్నాను.

వాడు తల వంచుకుని నవ్వుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు మోహనా. షాపులో ఇంకో ఇద్దరు ఉన్నారు. మా తమ్ముడు అలాంటివాడు కాదు, మంచిది నాకిచ్చి తక్కువది తను పెట్టుకున్నాడు అని గట్టిగానే చెప్పాను. "అట్నేలే టీచరమ్మా" అన్నాడు, చిన్నపిల్లను సముదాయించినట్టు.

నువ్వొక ముక్క రాసి పంపు. రెండిట్లో పెళ్లికూతురే మేలైనదని, మెకానిక్‌గా నీ మాట. వాడి షాపుకు తీసుకుపోయి వాళ్లందరి ముందూ చదివి వస్తాను.

నీ అక్క,
ఎస్తేరమ్మ


ఉదయగిరి,
29 జూన్ 2024.

అక్కకు,

నమస్కారాలు. బుధవారం నుంచి ఎడమ చెవిలో పూర్తిగా ఏమీ లేదు. కుడి చెవిలో పెద్ద శబ్దాలు మాత్రం దూరంగా తలుపు కొట్టినట్టు వినిపిస్తాయి. ఇరవై ఏళ్లు పెళ్లిళ్లకు మైకు సెట్లు కట్టి, హారన్ల కింద నిలబడిన ఫలితం అంటున్నాడు ఇక్కడి డాక్టరు.

ఆ మెకానిక్ మాటలు పట్టించుకోకు. గిరాకీ లేనివాళ్లు కబుర్లతో కాలం గడుపుతారు. రెండూ నాయన తెచ్చినవే, దేని గుణం దానిది. ఇప్పుడు ఏది మేలు ఏది తక్కువ అని ఊళ్లోవాళ్ల ముందు కాగితాలు చదవడం మన ఇంటికి మర్యాద కాదు. దున్నపోతు మూలన పడి ఉంది, నేను దాన్ని వాడి చాలా కాలమైంది. ఈ చెవులకు ఏ సెట్టయితే ఏముంది.

నువ్వు ఈ ఎండల్లో బస్సెక్కి ఎక్కడికీ పోవద్దు. మొన్న అనురాధ పుట్టిల్లు జలదంకిలో ఒకాయన బస్సు దిగుతూనే పడిపోయాడు.

మోహన్


ఆత్మకూరు,
4 జూలై 2024.

మోహనా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఏడుపొచ్చింది.

ముక్క రాసి పంపమంటే ఎందుకు పంపలేదో నాకు అర్థమైంది. ఒక మనిషి తను వదులుకున్నదాన్ని తన చేత్తోనే గొప్పదని రాసి ఇవ్వాలంటే ఎంత కష్టమో నేను ఆలోచించలేదు. నువ్వు మెకానిక్‌వి. రోజూ అందరి సెట్లూ పలికించి పంపినవాడివి. నీ ఇంట్లో మాత్రం ఆ వికారపు పెట్టె మూలన పడి ఉంది. చెవులు బాగున్నన్ని రోజులూ నీకు ఒక మంచి పాట వినే యోగం లేకుండా నేను అనుభవించాను. నేనొచ్చినప్పుడల్లా దానిమీద గుడ్డ కప్పి, పైన టీవీ పెట్టి ఉండేది. అది చూసి కూడా నాకు తోచలేదు.

మల్లికార్జున సెట్టు బాగుచేసి ఇచ్చాడు. పోయింది చిన్న సామానేనట. ముళ్లు మళ్లీ ఊగుతున్నాయి. అందుకని నేనొకటి నిర్ణయించుకున్నాను. కుడి చెవిలో ఇంకా కాస్త ఉందన్నావు కదా, అది ఉండగానే నువ్వు నాయన పాట పెళ్లికూతురి మీద వినాలి. ఎనిమిదో తారీఖు నువ్వు నెల్లూరులో ఉంటావు. నేను ఆటోలో సెట్టు బస్టాండుకు చేర్చి, ఉదయగిరి బస్సులో ఒళ్లో పెట్టుకుని వస్తాను. నువ్వు తిరిగొచ్చేసరికి మీ హాల్లో కూర్చోబెట్టి ఉంచుతాను. ఇన్నేళ్లు నాది, ఇకనుంచి నీది.

వద్దని రాయకు. రాసినా ఆగను.

నీ అక్క,
ఎస్తేరమ్మ


ఉదయగిరి,
10 జూలై 2024.

అక్కకు,

నెల్లూరు నుంచి నిన్న వచ్చాను. నీ నాలుగో తారీఖు ఉత్తరం, పెళ్లికూతురు రెండూ ఒకేసారి కనిపించాయి. ఉత్తరం ముందే అంది ఉంటే నిన్ను ఆపేవాణ్ణి.

నువ్వు అన్నం కూడా తినకుండా రెండు గంటల బస్సుకే వెళ్లిపోయావని అనురాధ బాధపడుతోంది. తను కాగితం మీద రాసి చూపిస్తేనే నాకు ఏదైనా తెలిసేది. "వదిన మొహం అదోలా ఉంది" అని మాత్రం రాసింది. ఎండదెబ్బ తగిలిందా? బీపీ చూపించుకున్నావా? మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగు.

ఇంత బరువు మోసుకు రావడం నాకు బాగా అనిపించలేదు. కానీ నీ మనసు అలాంటిది.

మోహన్


ఆత్మకూరు,
14 జూలై 2024.

రాజమోహన్‌కు,

ఎండదెబ్బ అని రాశావు. మజ్జిగ తాగమన్నావు. నాకేం తగిలిందో నీకు తెలిసే రాశావు.

ఆ రోజు ఏం జరిగిందో రాస్తాను. అనురాధ పూర్తిగా చెప్పి ఉండదు, తన తప్పు ఉందేమోనని భయపడుతోంది. తన తప్పు ఏమీ లేదు.

నేను పెళ్లికూతుర్ని హాల్లో దించి, దున్నపోతును తీసెయ్యమన్నాను. అనురాధ ఆశ్చర్యపోయింది. "ఇది ఉండంగా అదెందుకు వదినా? దీన్ని ఆయన ఎవుర్నీ తాకనియ్యడు. రోజూ మధ్యాన్నం అత్తమ్మ పాట పెట్టుకోని, స్పీకరు మీద చెయ్యి ఆనించి కూర్చుంటాడు" అంది.

ఏ అత్తమ్మ అన్నాను.

"ఏ అత్తమ్మేంది వదినా, మీ అమ్మ."

నేను నవ్వాను. అమ్మ గొంతు ఎక్కడా లేదమ్మా అన్నాను. అప్పుడు తను మెల్లగా చెప్పింది. "మీకు అమ్మ గొంతు వింటే పానం తట్టుకోదని, మీ ముందర ఆ మాటే ఎత్తొద్దని మా పెళ్లయినప్పటి నుంచీ చెప్తా ఉండాడు. మీరొస్తే గుడ్డ కప్పి పెట్టమంటాడు. ఇప్పుడు మీరే సెట్టు ఎత్తుకోని వచ్చినారు గదా, మనసు గట్టిపడిందేమో అనుకున్నా." అంటూనే క్యాసెట్ పెట్టింది.

అదే క్యాసెట్. నా దగ్గరున్నదీ దాని కాపీయే. నాయన గొంతు ముందు వచ్చింది, కానీ నేను రోజూ వినే గొంతు కాదు. మనిషి గదిలోకి వచ్చి నిలబడినట్టు ఉంది. పాట మధ్యలో ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఆ ఊపిరి వెనకాల, కింద, సన్నగా, అమ్మ. హమ్ము లేదు. అడ్డం ఏమీ లేదు. నాయన పైకి పోతుంటే అమ్మ కిందనే ఉండి మోస్తోంది. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత మా అమ్మ గొంతు విన్నాను, అదీ అనురాధ దయవల్ల.

అనురాధ మా అమ్మను చూడలేదు. నువ్వు పెళ్లి చేసుకునేనాటికే అమ్మ పోయింది. "చూడలేదుగానీ గొంతు నాకు బాగా తెలుసు వదినా, నవ్యశ్రీ చిన్నప్పుడు అవ్వ పాట పెడితేగానీ అన్నం తినేది కాదు" అంది. నీ కూతురికి తెలుసు. నీ భార్యకు తెలుసు. పక్కింటి నారాయణయ్యకు కూడా తెలిసే ఉంటుంది. కడుపున పుట్టిన నాకు తెలియదు.

నాయన పోయిన వారం వంటింట్లో నేను నిన్ను అడిగాను. "అమ్మ గొంతు పడలేదారా?" అని. "పడలేదక్కా" అన్నావు. నా మొహం చూసే అన్నావు.

సెట్టు గురించి కాదు. నీకా దున్నపోతు కావాలంటే అడిగి తీసుకో, నేను కాదంటానా? నువ్వు తీసుకుని, దాన్ని త్యాగమన్నావు. నా చేత ముప్ఫై ఏళ్లు కృతజ్ఞత చెప్పించుకున్నావు. సిగ్గుగా ఉంది చెప్పొద్దు అన్నావే, ఎందుకు సిగ్గో చెప్పలేదు.

ఈ ఆదివారం పాస్టరమ్మగారు, బయటి ఊరి నుంచి ఆడవాళ్లు వచ్చారు, మీ తమ్ముడి సాక్ష్యం చెప్పండి అన్నారు. గొంతు బాగాలేదన్నాను. చర్చిలో నేను ఆడిన మొదటి అబద్ధం అది.

ఎస్తేరమ్మ


ఉదయగిరి,
20 జూలై 2024.

అక్కా,

నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట కూడా కాదనడానికి లేదు. సర్దిచెప్పడానికి రాయడం లేదు. నీకు తెలియనిది ఇంకా ఉంది, అది కూడా నా నోటితోనే తెలియాలని రాస్తున్నాను.

నాయన పోయిన వారానికి, సామాన్లు పంచుకునే ముందు రోజు మధ్యాహ్నం, రెండు సెట్లూ పక్కపక్కన పెట్టి పరీక్షించాను. అవే స్పీకర్లు, అదే క్యాసెట్. పెళ్లికూతురి మీద నాయన ఒక్కడే ఉన్నాడు. తీగలు మార్చి దున్నపోతుకు కలిపాను. రెండో లైనులో అమ్మ వచ్చింది. టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను.

నిన్ను పిలవాలని లేచాను. నువ్వు పెరట్లో పంచాయతీ ఆయనతో మాట్లాడుతున్నావు. వాకిలి దాకా వచ్చి ఆగిపోయాను. చెబితే నువ్వు అడుగుతావు. అడిగితే నేను ఇవ్వకుండా ఉండలేను. నీ జీతంతో నెల్లూరులో నాకు రేడియో పని నేర్పించింది నువ్వు. నీకు లేదు అనే నోరు నాకు లేదు. అందుకని చెప్పకుండా ఉండటమే మార్గం అనుకున్నాను. మరుసటి రోజు ఆ పెళ్లికూతురు మాటలు నేను ముందే అనుకుని వచ్చి చెప్పినవి.

ఎందుకు చేశావంటే సమాధానం చిన్నతనంగా ఉంటుంది. నాయన నలుగురిలో కూర్చుంటే నీ గురించే చెప్పేవాడు. మా ఎస్తేరు టీచరు, మా ఎస్తేరు చేతిరాత. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. అమ్మ ఒక్కతే నాకోసం పళ్లెం మూతపెట్టి కూర్చునేది. నాయన నీవాడు, అమ్మ నాది అని నాలో నేను పంచుకున్నాను. ఎవరూ అలా పంచలేదు.

ఇంకోటి. నీ సెట్టులో హమ్ము తగ్గించడం నాకు చేతనవును. రెండు సామాన్లు మారిస్తే చాలు. నేను ఎన్నిసార్లు మూత తీశానో, అన్నిసార్లూ దుమ్ము తుడిచి మూసేశాను. తగ్గిస్తే ఏదో ఒకరోజు నీకు అమ్మ వినిపిస్తుందని భయం. నువ్వు ప్రతిసారీ నాకు కాఫీ పెట్టి ఇచ్చేదానివి.

దున్నపోతును పంపుతున్నాను. తీసుకో.

మోహన్


ఉదయగిరి,
2 ఆగస్టు 2024.

అక్కా,

సోమవారం బస్సు పార్సిల్‌లో వేశాను. అందిందని మల్లికార్జున నంబరు నుంచి అనురాధకు ఫోన్ వచ్చిందట. నువ్వు చెయ్యలేదు.

వాడికి ఈ నాలుగు మాటలు చెప్పు. దానిమీద గుడ్డ కప్పొద్దు, వేడెక్కుతుంది. గోడకు జానెడు ఎడం ఉండాలి. కుడివైపు చివరి మీట అప్పుడప్పుడు గరగరమంటే, సెట్టు ఆపి, దాన్ని పదిసార్లు అటూ ఇటూ తిప్పితే పోతుంది. ముందు వైపు ఊడిపోయిన అక్షరాలు అతికించే ప్రయత్నం చెయ్యొద్దు, నాయన ఉన్నప్పుడే పోయాయి.

అది ఉన్నచోట గోడమీద నాలుగు పలకల మచ్చ ఉంది. అనురాధ సున్నం వేయిస్తానంటోంది.

మోహన్


ఆత్మకూరు,
19 ఆగస్టు 2024.

రాజమోహన్‌కు,

సెట్టు అందింది. మల్లికార్జున కలిపి పెట్టి, స్పీకర్లు సరిగా జరిపి, నేను చెప్పకుండానే వెళ్లిపోయాడు. మంచి మనిషి. వాడి షాపులో ఆ రోజు నేనన్న మాటకు క్షమాపణ అడిగాను.

మూడు రోజులు ముట్టుకోలేదు. నాలుగో రోజు పొద్దున్నే పెట్టాను. నీ ఉత్తరంలో అంతా ఒప్పుకున్నానన్నావు కదా. ఒకటి ఒప్పుకోలేదు.

చివరి పాట అయిపోయాక క్యాసెట్ ఆపలేదు. లేచి వెళ్లేలోపు ఇంకా తిరుగుతోంది. జనం లేచి మాట్లాడుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడులో అమ్మ. పాట కాదు, మామూలు మాట. పెళ్లికూతురి మీద ఇక్కడ హమ్ము తప్ప ఏమీ వినిపించేది కాదు.

"ఎస్తేరు బస్సు దిగిందా?"

"రాలేదు. లీవు ఇయ్యలేదంట" అన్నాడు నాయన.

"దానికి అట్లు ఎత్తి పెట్టుంటిని."

అంతే. తర్వాత ఎవరో మైకు తీసేశారు.

అనురాధకు ఫోన్ చేసి అడిగాను. ఆయన ఎప్పుడూ చివరి పాట కాగానే ఆపేస్తాడు వదినా, ఆ తర్వాత ఏమీ లేదంటాడు అని చెప్పింది. ముప్ఫై ఏళ్లు సరిగ్గా అక్కడే ఆపడానికి చెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నావన్నమాట.

పండుగకు రాలేదని అమ్మ నామీద కోపంతోనే ఉండి ఉంటుందని, ఆ తర్వాత నాతో తక్కువ మాట్లాడిందని, ఇన్నేళ్లూ నాలో నేను అనుకున్నాను. ఒకసారి నీతో అన్నాను కూడా. నీ ఇంటి అరుగు మీద కూర్చుని అన్నాను. "అదేం లేదులే అక్కా" అన్నావు. ఎలా తెలుసో చెప్పలేదు.

ఎస్తేరమ్మ


ఉదయగిరి,
9 సెప్టెంబరు 2024.

అక్కా,

అది నిజమే. అది రాయడానికి కలం పట్టుకుని వదిలేశాను. అమ్మ నాది అని నేను చేసిన పంపకాన్ని అమ్మే ఒప్పుకోలేదని తెలిసే చోటు అది. అందుకే అక్కడ ఆపేవాణ్ణి.

కుడి చెవి కూడా పోయింది. పోయిన శనివారం నుంచి ఏమీ లేదు. నారాయణయ్య గరిటె చెక్కుతుంటే ఉలి కదలడం కనిపిస్తుంది, చప్పుడు రాదు.

పెళ్లికూతురు మూత తీసి, ముప్ఫై ఏళ్ల కిందట మార్చవలసిన రెండు సామాన్లూ ఇప్పుడు మార్చాను. మీటరు ముల్లు బాగానే చూపిస్తోంది. అనురాధ విని, హమ్ము లేదు, అత్తమ్మ గొంతు కొంచెం వస్తోంది అని రాసి చూపించింది. నేను వినలేను కాబట్టి తన మాటే నమ్మాలి. ఇది కూడా నీదే. పంపమంటే పంపుతాను.

క్రిస్మస్‌కు వస్తాను అక్కా. వచ్చి నీ ఎదురుగా కూర్చుంటాను. నువ్వు తిట్టినా వినపడదు, అయినా కూర్చుంటాను. రమ్మని ఒక ముక్క రాయి.

మోహన్


ఆత్మకూరు,
15 అక్టోబరు 2024.

రాజమోహన్‌కు,

నెల దాటి రాస్తున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

పెళ్లికూతుర్ని పంపొద్దు. అనురాధ వినడానికి ఉంచు. ఆమెకు అలవాటైన గొంతు, ఉన్నట్టుండి లేకుండా చేయడం న్యాయం కాదు.

చెవి పోయినందుకు బాధపడ్డాను. దేవుడు నీకు శిక్ష వేశాడని ఇక్కడ ఒకామె అంది. ఆమెను ఇంట్లోంచి పంపేశాను. నీకూ నాకూ మధ్య ఉన్నది మనిద్దరిదే, దాంట్లో ఎవరూ వేలు పెట్టక్కర్లేదు. అంతమాత్రాన అది తక్కువైందని కాదు.

రోజూ ఒకసారి పెడుతున్నాను. ఎక్కువ పెడితే టేపు అరిగిపోతుందని భయం. మల్లికార్జున కాపీ తీస్తానన్నాడు, తీయమన్నాను. అమ్మ పాడుతుంటే ఊరికే వినాలనుకుంటాను, కానీ మధ్యలో నువ్వొస్తావు. ఈ లైను వీడు ఎన్ని వేలసార్లు విన్నాడు, ఈ లైను వింటూ ఎప్పుడైనా నేను గుర్తొచ్చానా అనే ఆలోచన వస్తుంది. పాట అయిపోయాక చూస్తే అమ్మను సగమే విన్నట్టు ఉంటుంది. అది కూడా నీవల్లనే.

క్షమించమని నువ్వు అడగలేదు, అది మంచి పని చేశావు. అడిగితే టీచరుగా, చర్చికి పోయే మనిషిగా అవునని రాయవలసి వచ్చేది. అది ఇంకో అబద్ధం అయ్యేది.

క్రిస్మస్ ముందు శనివారం అనురాధనూ నవ్యశ్రీనీ ఇక్కడికి రమ్మన్నాను. రెండు రోజులు ఉంటారు. నవ్యశ్రీ అవ్వ పాడిన కింది గొంతు పాడుతుందట, నేను పై గొంతు ప్రయత్నిస్తాను. వాళ్లు నీతో చెప్పడానికి మొహమాటపడుతున్నారు. రాయడం మరిచిపోయానని నువ్వు అనుకోకుండా నేనే చెబుతున్నాను. నిన్ను పిలవలేదు.

ఆ రెండు రోజులకూ నీకు అన్నం నారాయణయ్య ఇంటి నుంచి వచ్చేటట్టు అనురాధతో మాట్లాడాను. బీపీ మాత్ర పొద్దున తిన్నాకే వేసుకో, పరగడుపున వద్దు.

ఎస్తేరమ్మ